ముసలికొండ చూస్తున్నంతసేపు

గెడ్డవలసలో చోళ్లు, అంటే రాగులు, ఆరబోసుకునేవాళ్ళు చాపను ఎప్పుడూ రెండు చోట్లకు సరిపడా జాగా చూసుకుని పరుస్తారు. ఏ పూట ముసలికొండ వంగుతుందో ఎవరూ చెప్పలేరు. వంగితే నీడ పడుతుంది. నీడ పడితే చాపను ఓ పది బారలు అవతలికి లాక్కోవాలి. అంతకు మించి ఆ సంగతి గురించి ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు.

కొండ వంగడమంటే కూలడం కాదు. చూపు ఆనని ముసలమ్మ, పక్కన సూదిలో దారం ఎక్కిస్తున్నవాళ్ళ మీదికి ఒంగి చూస్తుందే, అలా మెల్లగా, చప్పుడు లేకుండా వంగుతుంది. రాయి దొర్లదు. ఏటవాలు మీద కాఫీ పళ్ళు కోసేవాళ్ళు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడతారు. మేకలు ఉన్నచోటే పడుకుంటాయి. గెడ్డలో నీళ్ళు కాసేపు ఒక ఒడ్డుని ఒరుసుకుని పారతాయి. ఎవరైనా మనసంతా పెట్టి ఒక పని చేస్తున్నారంటే చాలు, కొండ వచ్చి చూస్తుంది. పురుళ్ళు పోసే రత్నాలు మీదికి ఎన్నిసార్లు వంగిందో లెక్క లేదు. అడ్డాకులు కుట్టుకుంటున్న సోములమ్మ మీదికి వంగింది. ఒకసారి గెడ్డకి అడ్డంగా ఒంటరిగా రాతికట్టు కట్టుకుంటున్న ఒక ముసలాయన కోసం తొమ్మిది రోజులు వంగే ఉండిపోయింది. ఆ తొమ్మిది రోజులూ ఊళ్ళో ఏదీ ఆరలేదు. ఎన్నికల మీటింగులకి మాత్రం ఇంతవరకు వంగలేదు.

"ముసల్ది సూస్తన్నంతసేపూ పని ఇడిసి లెగకూడదు" అన్నది ఒక్కటే అక్కడి కట్టుబాటు. లేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అలా లేచినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ సోములమ్మ కూతురే కృపావతి. గ్రాండ్‌మాస్టర్ అయ్యాక పేపరువాళ్ళు వచ్చి చదరంగం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, గూడ్సు బళ్ళ దగ్గర అని చెప్పింది. వాళ్ళు నవ్వారు గాని అది నిజమే. ఆమె తండ్రి పాంగి మంగ్లు రైలు కట్ట మీద గ్యాంగ్‌మన్. ఊరి దిగువన చిన్న స్టేషను, ఒంటి లైను. ఇనప రాయి నింపుకుని కిందికి దిగే బండి, ఖాళీగా పైకెక్కే బండి వచ్చేదాకా గంటా గంటన్నర అక్కడే నిలబడాలి. ఆ ఖాళీలో స్టేషను మాస్టరు రవిబాబు, బండి డ్రైవర్లు, గార్డులు బల్ల వేసుకుని చదరంగం ఆడేవారు. నాన్నకి గంజి పట్టుకొచ్చే కృపావతి, గిన్నె చేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయేది.

1991లో, ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు, రవిబాబు బల్ల మీద ఒక చిక్కు పేర్చి, "నాలుగు ఎత్తుల్లో ఆట కట్టాలి. చెయ్యి చూద్దాం" అన్నాడు. పిల్ల గిన్నె కింద పెట్టి కూర్చుంది. కాసేపటికి ప్లాట్‌ఫారం మీద నీడ పడింది. ముసలికొండ ఆమె కోసం వంగడం అదే మొదటిసారి. లోపల బండికి దారి ఇచ్చినట్టు గంట మోగింది. డ్రైవరు ఇంజనెక్కాడు గాని కూత వెయ్యలేదు.

"కానియ్యమ్మా, తొందరేటీ లేదు" అన్నాడు కిటికీలోంచి.

పిల్ల ఆట కట్టాక బండి ఏడు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. రవిబాబు రిజిస్టర్లో కారణం అన్నచోట 'కొండ' అని రాశాడు. పైనుంచి దాని గురించి ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ మంగ్లు కూతురితో అన్నాడు. "పట్టాల మీద నడిసేటప్పుడు కాలి కిందున్న సెక్కని సూడాలే. అల్లంత దూరం సూసేవంటే తూలిపోతావు. నీ ఆటా అలాంటిదే లాగుంది."

తర్వాత విశాఖపట్నంలో హాస్టలు, పోటీలు, రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం, ఇరవయ్యో ఏట గ్రాండ్‌మాస్టర్ బిరుదు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కొండ మాత్రం ఎక్కడికీ వెంట రాలేదు. ఎలా వస్తుంది, కొండ కదా.

2003 నవంబరులో ఆమె వియత్నాంలో ఆడుతోంది. ఆరున్నర గంటల ఆట. డెబ్బై ఒక్క ఎత్తులు. ఆమె ఆడినవాటిలో అంత గొప్ప ఆట మరొకటి లేదని ఇప్పటికీ అంటారు. నెగ్గి, ముఖం నిండా నవ్వుతో తలుపు తోసుకుని బయటికి వచ్చింది. తలుపు అవతల కోచ్ నిలబడి ఉన్నాడు.

"మధ్యాహ్నం మీ నాన్నగారు పోయారమ్మా. ఆట మధ్యలో చెప్పలేకపోయాం."

అప్పట్నుంచీ ఆమెకి పెద్ద ఆటలంటే భయం పట్టుకుంది. నాలుగో గంట దాటితే తలుపు అవతల ఎవరో నిలబడి ఉన్నట్టే ఉండేది. తను బల్ల మీద గుర్రాన్ని ఎటు దూకించాలా అని ఆలోచిస్తున్నంతసేపూ అవతల నాన్న ఒక్కడూ పోతున్నాడని, ఆట త్వరగా ముగిస్తే అది ఆగుతుందని అనిపించేది. అందుకని ఆట కాస్త ఎదురు తిరిగితే చాలు, గడియారం ఆపి, చెయ్యి చాచి, ఓడిపోయానని కాగితం మీద సంతకం పెట్టి లేచేది. ఎంత హుందాగా ఓడిపోతుందో అనుకునేవారు చూసినవాళ్ళు.

తల్లి దగ్గరికి వెళ్ళడం మానలేదు. కానీ సోములమ్మ "ఆ రోజు పొద్దున్న మీ నాన్న..." అని మొదలుపెట్టగానే, "తరవాత సెప్దువులే అమ్మా, జీపు ఎల్లిపోతాది" అని సంచీ అందుకునేది. రెండేళ్ళు దాటినా ఆ తరవాత రాలేదు.

2006 ఫిబ్రవరిలో అరకులో పదిమంది పెద్ద ఆటగాళ్ళతో ఒక పోటీ పెట్టారు. గెస్ట్‌హౌస్ భోజనాల హాల్లో బల్లలు తీసేసి గడియారాలు పెట్టారు. మన అరకు అమ్మాయి ఆడాలని పిలిచారు గనక కృపావతి కాదనలేకపోయింది. కానీ అదే తన ఆఖరి పోటీ అని మనసులో అనుకునే వచ్చింది. సోమవారం నుంచి బుకింగ్ ఆఫీసులో కూర్చుంటానని పైవాళ్ళకి చెప్పేసింది కూడా. ఎనిమిది ఆటలయ్యేసరికి ఆమె అందరికన్నా అడుగున ఉంది. ఎనిమిదింట్లో ఆరు ఆటలు నలభై ఎత్తులు కూడా నిండకముందే వదిలేసింది.

తొమ్మిదో ఆట, ఆదివారం ఉదయం. ఎదురుగా ధర్మతేజ. గుంటూరు కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు, ఆ పోటీలో మొదటి స్థానం అతనిదే. గబగబా ఆడతాడు, మర్యాదస్తుడు. కూర్చునేముందు "నమస్తే మేడమ్" అన్నాడు.

పదకొండున్నరకల్లా ఆట పాడైపోయింది. మంత్రులు పోయాయి. ఇద్దరికీ తలా ఒక ఏనుగు, ఒక గుర్రం మిగిలాయి. అతనికి రెండు బంట్లు ఎక్కువ. ఆ స్థాయివాళ్ళ మధ్య రెండు బంట్లంటే అయిపోయినట్టే. మూడోది కూడా పోయేలా ఉంది. ముప్పై ఎనిమిదో ఎత్తు ఆమెది. పక్క బల్లల వాళ్ళు ఒకరొకరే వచ్చి చూసి, ఏమీ లేదన్నట్టు వెళ్ళిపోతున్నారు. పోటీ నడిపించే అప్పలస్వామి మాస్టారు, విజయనగరం హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి, సంతకాల కాగితం ముందే తీసి పెట్టుకున్నాడు.

కృపావతి కలం మూత పెట్టింది. గడియారం ఆపడానికి చెయ్యి ఎత్తింది.

హాలు చీకటైంది.

బయట పక్క మేడ మీద ఎవరో దుప్పట్లు తీస్తున్న అలికిడి. వంటాయన కిటికీ దగ్గరికి వచ్చి పైకి చూసి, వడియాల పళ్ళెం తీసుకుని అవతలి ఎండలోకి నడిచాడు. కృపావతి తలెత్తింది. కిటికీ నిండా కొండే ఉంది. ముసలికొండకి గెడ్డవలస వైపు ముఖం, అరకు వైపు వీపు. ఆమెకి తెలిసినంతలో అది ఇటు వంగింది లేదు. ఇప్పుడు ఒళ్ళంతా ఇటు తిప్పుకుని, చూరు మీదుగా వంగి లోపలికి చూస్తోంది. సిల్వర్ ఓక్ చెట్లు తలకిందులుగా వేలాడుతున్నట్టున్నాయి. వాటిని అల్లుకున్న మిరియాల తీగల ఆకులు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. వాలు మీద జీపు ఒకటి మలుపులో ఆగి ఉంది. లోపలివాళ్ళు దిగి, రాయి మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నారు. గెడ్డ చప్పుడు కిటికీ చువ్వల దాకా వచ్చి, తడి మట్టి వాసన హాల్లో పరుచుకుంది.

"ఆ ట్యూబులైట్లు వెయ్యండర్రా" అన్నాడు అప్పలస్వామి, గొంతు తగ్గించి.

కృపావతి ఎత్తిన చెయ్యి దించింది. తను ఏం చేస్తోందని వచ్చింది ఇది? మనసు పెట్టిన పనే కదా ఇది చూసేది. తను వదిలేసి పోవడానికి చెయ్యెత్తింది. దేన్ని చూద్దామని అంత దూరం నుంచి ఇటు తిరిగింది? ఏదైనా సరే, ముసల్ది చూస్తుంటే లేవకూడదు. గెడ్డవలసలో పుట్టిన మనిషికి అది ఆలోచించే సంగతి కాదు. కుర్చీలో వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది.

ముందు పది నిమిషాలు ఎత్తు కోసం వెతకనే లేదు. కొండ ఎలా చూస్తోందో అలా చూసింది. తొందర లేకుండా, గెలుపు కోసం కాకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు. తలుపు వైపు చూపు పోబోతే నాన్న చెప్పినట్టు కాలి కింది చెక్కనే చూసింది. అలా చూడగా చూడగా ఇంతసేపూ కనపడనిది కనపడింది. అతనికి ఎక్కువున్న రెండు బంట్లూ అతని రాజు ముందే నిలబడి ఉన్నాయి. కాపలా అనుకున్నవి తలుపులు మూసిపెట్టాయి. ఆ రాజు మూలలోంచి ఎటూ కదలలేడు. ఆమె గుర్రం దగ్గరలోనే ఉంది. ఏనుగు అందుకోగలదు. కావలసింది ఇంకొక్కరు. మిగిలింది ఆమె రాజే.

రాజు మూల వదిలి బయటికి రావాలి. అతని ఏనుగు ముందునుంచి, గుర్రం పక్కనుంచి, ఒక్కో గడే దాటుకుంటూ బల్ల అవతలికి ఆరు అడుగులు నడవాలి. నడుస్తున్నంతసేపూ బంట్లు పోతూనే ఉంటాయి. ఆమె లెక్క వేసింది. మళ్ళీ వేసింది.

కలం మూత తీసి, మూడో బంటుని వదిలేసి, రాజుని ఒక గడి ముందుకి జరిపింది.

ధర్మతేజ వెంటనే బంటుని తీసుకున్నాడు. ఆమె రాజు ఇంకో అడుగు వేశాడు. నాలుగో బంటునీ తీసుకున్నాడు. ఇంకో అడుగు. నాలుగో అడుగు దగ్గర అతని చెయ్యి గాల్లో ఆగింది. తన ఏనుగు బంట్లని తింటూ ఎంత దూరం వెళ్ళిపోయిందో అప్పుడు చూసుకున్నాడు. రెండు చేతులూ కణతలకి ఆనించి ముప్పై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. పక్క బల్లల వాళ్ళు లేచి వచ్చారు, ఈసారి వెళ్ళిపోలేదు. చూడవచ్చినవాళ్ళతో కలిపి ఇరవై మంది చుట్టూ నిలబడ్డారు. కొండ ఇంకాస్త వంగింది. చూరు పెంకులకి చెట్ల కొమ్మలు తగులుతున్న సవ్వడి.

అతను వెతికి వెతికి మంచి ఎత్తులే ఆడాడు. ఒక్కటీ చాలలేదు. రాజు ఆరో అడుగు వేసి అతని రాజుకి ఎదురుగా, రెండు గళ్ళ దూరంలో నిలబడ్డాడు. ఇంక మూడు ఎత్తులు, ఎవరూ ఆపలేనివి. ఇలాంటప్పుడు ఆ స్థాయి ఆటగాళ్ళు చెయ్యి కలిపి లేచిపోతారు. ధర్మతేజ కూడా చెయ్యి చాచబోయాడు. చాచబోయి, కిటికీ వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"మేడమ్, ఇప్పుడు లేవచ్చా?"

ఆట మధ్యలో మాట్లాడకూడదు. అప్పలస్వామి తన కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"ఇంకా సూస్తంది బాబూ" అంది కృపావతి మెల్లగా. ఆ హాల్లో ఇంతవరకు ఆమె నోట ఊరి మాట ఎవరూ వినలేదు. "ఆడీండి."

అతను తలూపాడు. మూడు ఎత్తులూ ఆడాడు, ఆఖరిదాకా, శ్రద్ధగా. ఆమె గుర్రం దూకి ఆట కట్టింది. ఇద్దరూ లేచి చేతులు కలిపేసరికి బల్ల మీద ఎండ పడింది. కిటికీలో ఆకాశం కనిపించింది. వాలు మీది జీపు స్టార్టైన చప్పుడు దూరంగా వినపడింది.

"నేను చూడనే లేదు మేడమ్, మీ రాజు నడక" అన్నాడు ధర్మతేజ.

"ముప్పై ఎనిమిదో ఎత్తు దాకా నేనూ చూళ్ళేదు" అంది ఆమె.

పదో స్థానంలోంచి తొమ్మిదో స్థానానికి వచ్చింది, అంతే. బహుమతులిచ్చేదాకా ఆగమన్నా ఆగకుండా జీపెక్కింది. దార్లో ఆమెకి ఒక సంగతి తట్టింది. ఆట ఐదున్నర గంటలు నడిచింది. హాలు తలుపు తోసుకుని బయటికి వచ్చేటప్పుడు అవతల ఎవరున్నారో అని భయపడటం మర్చిపోయింది.

గెడ్డవలస చేరేసరికి నాలుగవుతోంది. సోములమ్మ వాకిట్లో చోళ్లు ఎత్తి బుట్టలో పోస్తోంది. కూతుర్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"పొద్దున్న ముసల్ది ఈపు సూపించింది ఊరికి" అంది. "మంతసాని రత్నాలు అడిగింది, అటేపు ఎవులున్నారని. మా గుంట అక్కడ ఆడతందన్నాను. కూకో. గంజి తాగుతావా?"

కృపావతి అరుగు మీద కూర్చుంది. చెప్పులు విప్పి, సంచీ పక్కన పెట్టింది. జీపు హారన్ కొట్టింది. ఆమె అటు చూడకుండా చేత్తో వెళ్ళమన్నట్టు ఊపింది. జీపు వెళ్ళిపోయింది.

"అమ్మా. ఆ రోజు నాన్నకి ఏటయ్యిందో సెప్పు."

సోములమ్మ బుట్ట దించింది. చేతులు చీరకి తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆ రోజు పొద్దుటినుంచి మొదలుపెట్టింది.

"తెల్లారేసరికే ఊపిరి ఆడ్డం లేదు. నీకు పోను సేద్దారన్నాను. వద్దన్నాడు. 'ఆట ఉంది దానికి, అయ్యేదాకా ఎవులూ సెప్పకండి' అని రవిబాబు గారి సేత ఒట్టేయించుకున్నాడు. మాస్టరుగారి నేస్తం ఒకడు ఇసాపట్నంలో నెట్టు సెంటర్లో కూకుని, నువ్వు ఎత్తు ఎత్తినప్పుడల్లా టేషనుకి పోను సేసీవోడట. మాస్టరుగారు టేషన్లో బల్ల ఇక్కడికే తెచ్చేసేరు. మంచం పక్కన ఎట్టేరు. టేషన్నుంచి పోర్టరు పరిగెత్తుకొచ్చి సెప్పడం, మాస్టరుగారు ఇక్కడ బొమ్మ జరపడం. మీ నాన్న సూడ్డం."

కృపావతి తల్లి వైపు తిరిగింది. "నాన్న ఆట సూసేడా?"

"సూడ్డమేటి, ఆడేడు. నీ ఎత్తు రాకముందే ఏలెట్టి సూపించీవోడు, ఇది జరుపుద్ది సూడండని. ఒకోసారి సరిపోయీది. సరిపోకపోతే నవ్వీవోడు. ఆ రోజంతా ముసల్ది మన ఇంటి మీదే వంగుంది. ఊపిరి అందక కళ్ళు తేలేస్తా కూడా బల్ల మీంచి సూపు తియ్యలేదు. పొద్దున్నే పోవాల్సిన పేణం, మూడింటిదాకా ఆట కోసమే ఉందని అన్నారు రవిబాబు గారు."

గెడ్డ అవతల ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. కృపావతి అడిగింది. "ఎన్నో ఎత్తు కాడ పోయేడమ్మా?"

"ఎత్తులు నాకేటి తెలుసు. నీ తెల్ల గుర్రం ఉంది సూడు, అదంతా ముందుకెల్లి, మళ్ళీ ఎనక్కి వచ్చేసిందట. మాస్టరుగారు ఇదేటి ఇలా ఎనక్కి తీసేసిందన్నారు. మీ నాన్న నవ్వేడు. 'తొందరపళ్ళేదు గుంట' అన్నాడు. అంతే. అదే ఆకరి మాట."

నలభై నాలుగో ఎత్తు. ఆమెకి బాగా గుర్తుంది. ఆ గుర్రాన్ని వెనక్కి తీసేముందు ఇరవై నిమిషాలు ఆలోచించింది. ఆ ఎత్తే ఆటని గెలిపించిందని తర్వాత అందరూ రాశారు. ఆ ఇరవై నిమిషాలూ నాన్న ఒంటరిగా లేడు. ఆమె ఆలోచిస్తుంటే ఆయనా అదే బల్ల మీద, అదే గుర్రాన్ని చూస్తూ ఆలోచించాడు.

కూతురి కళ్ళు తడిసి, కారి, మళ్ళీ ఆరాయి. సోములమ్మ లోపలికి వెళ్ళి గంజి గిన్నె తెచ్చి ఇచ్చింది. తాగేదాకా ఆగి, ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నట్టు అడిగింది.

"ఆ తరవాత ఏటయ్యిందో మాకు తెల్దు. నెగ్గేవని సెప్పేరు గాని, ఎలా నెగ్గేవో ఎవులూ సెప్పలేదు. ఆయన ఎల్లిపోయేక ఆ బల్ల కాడ ఎవులం కూకోలేదు. సగంలో ఉండిపోనాది. నువ్వే సెప్పాల."

"నీకు అర్తమవుద్దా అమ్మా?"

"సెప్పు. అయినకాడికి అవుద్ది."

కృపావతి గిన్నె కింద పెట్టి, బుట్టలోంచి దోసెడు చోళ్లు తీసింది. అరుగు మీద గోటితో గళ్ళు గీసి, గింజల్ని ఒక్కోచోటా కుప్పలుగా పెట్టింది. ఇదిగో ఇది వాళ్ళ రాజు, ఇది నా ఏనుగు, ఇదిగో నాన్న చూసిన గుర్రం అని తల్లికి చూపించింది. ఎండ ఇంకా రెండు గంటలుంటుంది. ఇంకా ఇరవై ఏడు ఎత్తులున్నాయి. తొందరేమీ లేదు. నలభై అయిదో ఎత్తు దగ్గర మొదలుపెట్టింది.